ఆడపిల్లల ఫుట్‌బాల్: గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపూర్, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతామని అడుగుతున్నారు. చాలా సంతోషం. పిల్లల ఆట దగ్గర సాయంత్రాలు నిలబడే మనిషిని కాబట్టి అమ్మలు, నాన్నలు, పి.ఇ.టి. సార్లు నన్ను ఆపి అడిగేవి కొన్ని ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఆడపిల్లని మగపిల్లలతో కలిసి ఆడనివ్వొచ్చా?

పన్నెండేళ్ళలోపు పిల్ల అయితే నిస్సంకోచంగా ఆడనివ్వండి. ఆ తర్వాత అమ్మాయిలకి సొంత జట్టు ఉండాలి. అప్పుడు కూడా, అబ్బాయిలతో ఆడగలిగే సత్తా, ఇష్టం ఉన్న పిల్లని ఆపకూడదు.

అయితే ఒక విషయం గమనించాలి. చాలాచోట్ల "మా జట్టులో ఆడపిల్లలు కూడా ఉన్నారండీ" అని చెప్తారు. వెళ్ళి చూస్తే ఇద్దరుంటారు. ఒకరిని గోల్‌లో పెట్టి ఉంటారు, ఇంకొకరిని కుడిపక్క లైను దగ్గర. ఓ పావుగంట అక్కడే నిలబడి, ఆ లైను దగ్గరి పిల్ల కాలికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు మూడుసార్లు మాత్రమే వస్తే ఆ పిల్ల ఎండలో నిలబడుతోంది తప్ప ఫుట్‌బాల్ నేర్చుకోవడం లేదు. కలిపి ఆడించాలా, విడిగా ఆడించాలా అని గంటలకొద్దీ వాదించుకుంటాం గానీ, జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఏ పద్ధతిలో ఆ పిల్లకి బంతి ఎక్కువగా దొరుకుతుందో ఆ పిల్లకి ఆ పద్ధతి మంచిది.

పన్నెండేళ్ళు అని గీత గీయడం ఎందుకు?

చిన్నప్పుడు మగపిల్లలకీ ఆడపిల్లలకీ పరుగులో, బలంలో పెద్ద తేడా ఉండదు. పైగా ఆడపిల్లలు ముందు ఎదుగుతారు. సగటున అమ్మాయిలు పన్నెండేళ్ళ దగ్గర వేగంగా పొడవు పెరుగుతారు, అబ్బాయిలు పద్నాలుగేళ్ళ దగ్గర. అందుకే ఆరో క్లాసు, ఏడో క్లాసు లైను చూస్తే చివర నిలబడే పొడుగుపిల్లల్లో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తారు. ఆ వయసులో "అమ్మాయి కదా, తట్టుకోలేదు" అనే మాటకి ఆధారమే లేదు.

తర్వాత మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను పెరిగి కండ, ఎముక, ఊపిరి అన్నీ మారతాయి. పెద్దయ్యాక బాగా సాధన చేసిన ఆడ, మగ క్రీడాకారుల పరుగులో పది శాతం పైచిలుకు తేడా తేలుతుంది. పన్నెండు అనేది పుట్టినరోజునాడు మూసే గేటులాంటిది కాదు. ఒక పిల్లకి పదకొండుకే కష్టమనిపించవచ్చు, ఇంకో పిల్ల పదిహేనులో కూడా అబ్బాయిల మధ్య దర్జాగా ఆడుతుంది. ఆడించేవాళ్ళు పిల్లని చూసి నిర్ణయించాలి, పిల్లని అడిగి నిర్ణయించాలి. ఆ రెండో పని చాలామంది చెయ్యరు.

మరి పోటీల్లో నిబంధన ఏమిటి?

మన దగ్గర స్కూల్ గేమ్స్ పోటీల్లో 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాలు బాలురకి, బాలికలకి విడివిడిగా ఉంటాయి. స్కూలు జట్ల ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్ 1960 నుంచి జరుగుతోంది, బాలికల విభాగం మాత్రం 2012లో వచ్చింది. యాభై ఏళ్ళు ఆలస్యం. ఇక చిన్నపిల్లల కోసం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్‌లో పన్నెండేళ్ళలోపు అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే జట్టులో ఆడే వీలు పెట్టారు. ప్రాక్టీసు మాత్రం ఏ వయసులోనైనా కలిపి చేయించుకోవచ్చు, దానికి ఏ నిబంధనా అడ్డు రాదు. కొందరు టీచర్లు ఉందనుకుని భయపడుతున్నారు.

బయటి దేశాల సంగతీ చెప్తాను, ఎందుకంటే "ఫారిన్‌లో అయితే" అనే మాట తరచూ వస్తుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1921 డిసెంబరు 5న, ఈ ఆట ఆడవాళ్ళకి తగినది కాదంటూ, తన క్లబ్బుల మైదానాల్లో మహిళల మ్యాచ్‌లు ఆపించేసింది. ఆ నిషేధం పోయేసరికి దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి. 1978లో థెరెసా బెనెట్ అనే పన్నెండేళ్ళ పిల్ల అబ్బాయిల జట్టులో ఆడనివ్వమని కోర్టుకెళ్ళింది. కింది కోర్టులో గెలిచింది, పైకోర్టులో ఓడిపోయింది. అక్కడ చాలాకాలం పదకొండేళ్ళ తర్వాత కలిపి ఆడించేవారు కాదు. ఇవాళ ఇంగ్లండ్ జట్టు డిఫెన్స్‌లో పేరు మోసిన లూసీ బ్రాంజ్‌ కూడా చిన్నప్పుడు ఈ నిబంధన వల్లే తన ఊరి అబ్బాయిల జట్టు వదలాల్సి వచ్చింది. తర్వాత ఆ గీతని అంచెలంచెలుగా పైకి జరుపుతూ వచ్చి 18 ఏళ్ళకి చేర్చారు. నెదర్లాండ్స్‌లో అయితే 2020లో ఎలెన్ ఫొకెమా అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయిని తన ఊరి క్లబ్బులో మగవాళ్ళ మొదటి జట్టుతో ఆడనిచ్చారు, ప్రయోగంగా. ఈ కథలన్నిట్లో నాకు కనిపించేది ఒకటే, అనుభవం పెరిగినకొద్దీ ఆ దేశాలు గీతని పైకే జరిపాయి.

అబ్బాయిలతో ఆడితే దెబ్బలు తగిలితే? రేపు కాలో చెయ్యో విరిగితే ఎవరిది బాధ్యత?

దెబ్బలు తగులుతాయి. మోకాళ్ళు దోక్కుపోతాయి, చీలమండ బెణుకుతుంది. అమ్మాయిలతో ఆడినా తగులుతాయి. బరువులో బాగా తేడా ఉన్నవాళ్ళని ఎదురెదురుగా పెట్టకుండా చూసుకోవడం ఆడించేవాళ్ళ బాధ్యత. అబ్బాయి, అబ్బాయి ఆడేటప్పుడు కూడా అది వర్తిస్తుంది.

ఆడపిల్లల విషయంలో నిజంగా టెన్షన్ పడాల్సిన దెబ్బ వేరే ఉంది. మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఎ.సి.ఎల్. అనే పట్టీ (లిగమెంటు) ఉంటుంది. పెద్దమనిషి అయ్యే వయసు దాటాక ఈ లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకి రెండు మూడు రెట్లు, అంతకన్నా ఎక్కువని కూడా లెక్కలున్నాయి. ఇది ఎవరో వచ్చి గుద్దితే తెగడం తక్కువ. పరిగెత్తుతూ ఒక్కసారిగా పక్కకి తిరిగినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో తెగుతుంది. పక్కన అబ్బాయి ఉన్నా లేకపోయినా జరుగుతుంది. ఆపరేషన్, ఆ పైన నెలల తరబడి ఫిజియోథెరపీ. మన జిల్లాల్లో పిల్లకి అది తగిలిందంటే ఆట అక్కడితో ఆగిపోయినట్టే అవుతోంది.

దీనికి మందు వార్మప్‌లో ఉంది. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు 1,900 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. చేసినవాళ్ళలో మొత్తం గాయాలు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైనవి సగం దాకా తగ్గాయి. ఇందులో మీరు ఇవాళే చూడగలిగేది ఒకటి చెప్తాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి, అక్కడే ఎగిరి రెండు కాళ్ళ మీద దిగమనండి. ఎదురుగా కూర్చుని మోకాళ్ళు చూడండి. కొందరికి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలి ఒకదానికొకటి తగిలినంత పని చేస్తాయి. మోకాలు పాదం వేళ్ళ వైపే ఉండాలి, కాస్త వంగి, చప్పుడు కాకుండా దిగాలి. రోజూ నాలుగైదుసార్లు చేయిస్తే, పక్కన ఒకరు చూసి చెప్తే, అలవాటు మారుతుంది. ఆట మొదలయ్యే ముందు "రెండు రౌండ్లు పరిగెత్తండి" అనేసి బంతి విసిరే సార్లకి నా విన్నపం ఇదే, ఆ ఇరవై నిమిషాలు ఇవ్వండి.

అబ్బాయిలతో ఆడితేనే ఆట వస్తుందని అంటారు. నిజమేనా?

కొంతవరకు నిజం. మణిపూర్‌కి చెందిన బాలాదేవి చిన్నప్పుడు ఎక్కువగా అబ్బాయిలతోనే ఆడింది. 2020 జనవరిలో స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్బు ఆమెతో ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంది. యూరప్‌లో అలా ఒప్పందం దక్కిన మొదటి భారతీయ మహిళా ఫుట్‌బాలర్ ఆమే. వేగంగా వచ్చే బంతి, ఆలోచించుకోవడానికి టైమివ్వని ఎదురు ఆటగాడు, వీటి మధ్య ఆడిన పిల్లకి మొదటి టచ్, అంటే వచ్చిన బంతిని కాలికి తగలగానే అదుపు చెయ్యడం, బాగా కుదురుతుంది.

కానీ ఇలాంటి కథల్లో నిలబడినవాళ్ళే కనిపిస్తారు. పాస్ ఇవ్వకపోతే, తప్పు తన్నినప్పుడల్లా నవ్వితే, రెండు వారాల్లో మానేసిన పిల్లలు ఎక్కడా లెక్కకి రారు. అబ్బాయిల మధ్య ఎప్పుడూ డిఫెన్స్‌లో బంతి తన్నేసి ఊరుకున్న అమ్మాయి, అమ్మాయిల జట్టులోకి రాగానే కెప్టెన్ అయి, బంతి కాలి కింద ఆపి, తలెత్తి చూసి పాస్ ఇవ్వడం నేను కళ్ళారా చూశాను. ఆ నిర్ణయాలు తీసుకునే చోటు ఆమెకి అప్పటిదాకా దొరకలేదు. అందుకే వారంలో ఒకటి రెండు రోజులు కలిపి, మిగతా రోజులు అమ్మాయిలకి విడిగా ఆడించడం నాకు నచ్చిన పద్ధతి.

కలిపి ఆడించే రోజు కొన్ని పద్ధతులు పెట్టుకోవచ్చు. ఐదుగురు వర్సెస్ ఐదుగురు చాలు, పదకొండుమంది అక్కర్లేదు. ప్రతి ఐదు నిమిషాలకి స్థానాలు మార్చండి, గోల్‌లో అందరూ నిలబడాలి. "అమ్మాయి గోల్ కొడితే రెండు గోల్స్" లాంటి రూల్ మాత్రం వద్దు. అది గౌరవంలా కనిపించే చిన్నచూపు, పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

మా ఊళ్ళో ఆరుగురే అమ్మాయిలు. జట్టు ఎలా అవుతుంది?

ఆరుగురుంటే ముగ్గురు వర్సెస్ ముగ్గురు ఆడుకోవచ్చు, బంతి అందరికీ బాగా దొరుకుతుంది. పోటీ కావాలనిపించినప్పుడు పక్క ఊరితో కలవండి. గజపతి, రాయగడ కొండల వైపు సవర ఊళ్ళల్లో ఫుట్‌బాల్ అంటే ప్రాణం, గెలిచిన జట్టుకి మేకపోతుని ఇచ్చే టోర్నమెంట్లకి ఊళ్ళకి ఊళ్ళు కదిలొస్తాయి. ఆశ్రమ పాఠశాలల్లో అమ్మాయిలు ఒకేచోట ఉంటారు కాబట్టి జట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కింది ఊళ్ళ తెలుగు, ఒడియా పిల్లలు ఆదివారం పూట వాళ్ళతో ఆడితే ఇద్దరికీ లాభం. భాష గురించి బెంగ వద్దు. "ఇటు, అటు, పాస్, మ్యాన్" ఈ నాలుగు మాటలతో మ్యాచ్ అయిపోతుంది, మిగతాది వారంలో వచ్చేస్తుంది.

గ్రౌండ్ ఎప్పుడూ అబ్బాయిల క్రికెట్‌తో నిండి ఉంటుంది. మేమెక్కడ ఆడాలి?

అసలు సమస్య ఇది. కలిపి ఆడాలా, వద్దా అని అడిగే ముందు అమ్మాయిలకి గ్రౌండు మీద ఒక వేళ రాసి ఉందా అని అడగాలి. స్కూలు గ్రౌండు అయితే హెడ్మాస్టరుతో మాట్లాడి, మంగళ, గురు, శనివారాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా బాలికల ఫుట్‌బాల్ అని నోటీసు బోర్డు మీద పెట్టించండి. కాగితం మీద ఉంటే గొడవ సగం తగ్గుతుంది. ఊరి గ్రౌండు అయితే సర్పంచి, క్లబ్బు పెద్దలు, క్రికెట్ ఆడే కుర్రాళ్ళు అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాలి. కుర్రాళ్ళని శత్రువుల్లా చూడకండి. వాళ్ళల్లో ఒకడు రిఫరీగా విజిల్ పట్టుకుంటే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చోటిస్తారు.

గోపాల్‌పూర్ నుంచి కిందికి మన జాలరి ఊళ్ళల్లో సముద్రపొడ్డే గ్రౌండు. అల వెనక్కి తగ్గినప్పుడు తడిసి గట్టిపడిన ఇసుక పట్టీ ఉంటుంది కదా, అక్కడ ఆడండి. పైన పొడి ఇసుకలో పిల్లలు తొందరగా అలిసిపోతారు, బంతి దొర్లదు. ముందు ఒకసారి అందరూ వరసగా నడిచి గవ్వపెంకులు, తెగిన వలముక్కలు, గాలాలు ఏరేయాలి. ఎండుచేపలు ఆరబెట్టిన చోటికి బంతి పోకుండా గోల్స్ ఒకటి నీళ్ళ వైపు, ఒకటి ఊరి వైపు కాకుండా, ఒడ్డు వెంట రెండు చివర్లా పెట్టుకోండి. చేపలు ఆరబోసిన అమ్మలతో తగువు వస్తే ఆ ఊళ్ళో ఆట ఇంక సాగదు.

ఎండకి నల్లబడుతుంది, రేపు పెళ్ళికి ఇబ్బంది కదా?

ఒక ముసలమ్మ నన్ను నిలబెట్టి అడిగింది, "ఆడగుంటలకి ఈ బంతాట ఏటి బాబూ, రేపు ఎవుడు చేసుకుంటాడు?" అని. ఆమె మనసులో ఉన్నది మనవరాలి మీద ప్రేమే. నేను ఆమెకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. అదే మనవరాలు అదే ఎండలో నీళ్ళు మోస్తుంది, చేపల గంప దించుతుంది, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతుంది. ఆ పనులకి అడ్డుకాని ఎండ ఆటకి అడ్డు కాకూడదు. పైగా మనం ఆడేది పొద్దు వాలాకే.

ముందుముందు పిల్లలు పుట్టడానికి ఇబ్బంది అవుతుందేమో అని గొంతు తగ్గించి అడిగే తల్లులూ ఉన్నారు. అవదు. అమెరికా జట్టు ఆటగత్తె అలెక్స్ మోర్గన్‌కి 2020లో కూతురు పుట్టింది, మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో ఆడింది.

నెలసరి రోజుల్లో ఆడొచ్చా?

ఆడొచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటే మానేయొచ్చు, ఎవరూ బలవంతం చెయ్యకూడదు, కారణం చెప్పమని అందరి ముందు అడగకూడదు. ఒడిశా ప్రభుత్వ స్కూళ్ళలో 6 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి 2018లో మొదలైన ఖుషీ పథకం కింద నాప్కిన్లు ఉచితంగా ఇస్తారు. గ్రౌండుకి దగ్గర్లో తలుపున్న బాత్రూము, నీళ్ళు ఉండాలి. అవి లేక ఆట మానేసిన పిల్లలు అబ్బాయిలకి భయపడి మానేసినవాళ్ళకంటే ఎక్కువ. ముదురు రంగు నిక్కర్లు పెట్టండి, తెల్లవి వద్దు.

మా అమ్మాయి తొందరగా అలిసిపోతుంది. బలం సరిపోదా?

ముందు రక్తం చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 64 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే అంత ఇబ్బంది ఉండదు. మాత్ర వేసుకోగానే టీ తాగకూడదు, ఐరన్ ఒంటికి పట్టదు. ఆటకి వచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండకూడదు. చద్దన్నమో, అటుకులో, ఉడకబెట్టిన శనగలో ఏదో ఒకటి చాలు.

పట్టీలు, గాజులు, ముక్కుపుడక తియ్యాల్సిందేనా?

పోటీలో తియ్యాల్సిందే. ఆట నిబంధనల్లో నాలుగోది నగలన్నీ నిషేధిస్తుంది, పైన టేపు చుట్టినా ఒప్పుకోదు. మ్యాచ్ రోజు రిఫరీ ముందు ఏడుపులు వద్దనుకుంటే ప్రాక్టీసులోనే అలవాటు చెయ్యండి, తీసినవి దాచే బాధ్యత ఒక అమ్మకి అప్పజెప్పండి. తలకి స్కార్ఫ్ కట్టుకోవచ్చు, 2014 నుంచి అనుమతి ఉంది. నిక్కరు కింద లెగ్గిన్ వేసుకుంటామన్నా అభ్యంతరం లేదు, రంగు కలిస్తే చాలు.

బూట్లు, బంతి ఏవి కొనాలి?

మొదట్లో బంతి ఒక్కటే కొనండి. పన్నెండేళ్ళలోపు వాళ్ళకి నాలుగో నంబరు బంతి, పెద్దవాళ్ళకి ఐదో నంబరు. చిన్నపిల్లలకి ఐదో నంబరు ఇస్తే తన్నడం తప్పుగా అలవాటవుతుంది. పోటీకి వెళ్ళేటప్పుడు బూట్లు, షిన్ గార్డ్స్ (మోకాలి కింద కాలి ముందు భాగానికి పెట్టుకునే రక్షణ) తప్పనిసరి.

కోచ్ మగమనిషి. ఎలా నమ్మడం?

అడగాల్సిన ప్రశ్నే, అడిగారని ఏ మంచి కోచూ నొచ్చుకోడు. అమ్మాయిల ప్రాక్టీసులో ఒక ఆడమనిషి ఎప్పుడూ ఉండాలి. టీచరైనా, ఒక పిల్ల పెద్దమ్మ అయినా సరే, ఆట తెలియకపోయినా పర్లేదు. ఊరు దాటి మ్యాచ్‌కి వెళ్తే ఆమె వెళ్ళాలి, రాత్రి ఉండాల్సి వస్తే తప్పనిసరిగా. కోచ్ ఒక్క పిల్లకి విడిగా ఫోను మెసేజీలు పెట్టకూడదు, గ్రూపులోనే పెట్టాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లల మీద లైంగిక వేధింపులకి శిక్ష వేసే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, తెలిసి దాచడం కూడా నేరమే. పరువు పోతుందని పిల్లని ఆట మాన్పించి ఊరుకుంటే ఇంకో పిల్ల బలవుతుంది.

ఇక్కడి నుంచి పైకి వెళ్ళే దారి నిజంగా ఉందా?

ఉంది. ఒడిశా ఈ ఆటలో వెనకబడిన రాష్ట్రం కాదు. కటక్‌కి చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ 2017-18లో దేశంలోని మహిళల పెద్ద లీగ్ అయిన ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచింది, ఒడిశా ఎఫ్.సి. 2023-24లో గెలిచింది. కేంద్రాపడా జిల్లా అమ్మాయి సస్మితా మల్లిక్ దేశానికి కెప్టెన్‌గా ఆడింది. తెలుగు పిల్లలకి గుగులోత్ సౌమ్య పేరు చెప్పండి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఎంపికైంది, దేశం తరఫున ఆడుతోంది. 2025 జూలైలో మన అమ్మాయిలు థాయిలాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు, రెండు గోల్సూ సంగీతా బాస్‌ఫోర్‌వే. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రీయే అంతకుముందు ఒడిశా ఎఫ్.సి.కి ఆ లీగ్ టైటిల్ అందించినాయన.

ఇంకో వైపు కూడా చూడాలి. 2022 అక్టోబరులో 17 ఏళ్ళలోపు బాలికల ప్రపంచ కప్‌లో మన జట్టు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మూడు మ్యాచ్‌లు ఆడింది. అమెరికా చేతిలో 8–0, మొరాకో చేతిలో 3–0, బ్రెజిల్ చేతిలో 5–0తో ఓడిపోయింది. ఆ పిల్లలు చెమటోడ్చారు, వాళ్ళని ఒక్క మాట అనలేం. మన అమ్మాయిల కాలికి బంతి దొరికేసరికి పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేస్తున్నాయి. ఆరేళ్ళకే వీధిలో అన్నలతో, పక్కింటి పిల్లలతో కలిపి ఆడనిస్తే ఆ ఆరేళ్ళు కలిసొస్తాయి. కలిపి ఆడించమని నేను ఇంతగా పట్టుబట్టడానికి పెద్ద కారణం ఇదే.

పిల్ల పేరు నమోదుకి ఏం కాగితాలు కావాలి?

జనన ధ్రువపత్రం ముందు. వయసు తగ్గించి రాయించకండి, ఎముక పరీక్షలో దొరికిపోతే పిల్ల ఆటే పోతుంది. స్కూలు పోటీలకి స్కూలు నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు. సరిహద్దు ఊళ్ళల్లో ఒక చిక్కు ఎదురవుతుంది. ఇల్లు ఇచ్ఛాపురం వైపు, చదువు బరంపురంలో, లేదా అటుది ఇటు. ఏ స్కూల్లో చదువుతుంటే ఆ స్కూలు తరఫునే ఆడాలి. ఆధార్‌లో పేరు తెలుగులో ఒకలా, స్కూలు రికార్డులో ఒడియాలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. జిల్లా సెలక్షన్ రోజు పొద్దున్న ఆ పని అవదు.